మా కంచము, మా నడక

మేము వైద్యులము కాము. రాజమహేంద్రవరములో ముప్పదియేండ్లకు పైగా పాఠశాల పిల్లలకు లెక్కలు చెప్పుచున్నవారము. కనుక ఆహారమును గూర్చియు వ్యాయామమును గూర్చియు శ్రోతలకు బోధచేయు అధికారము మాకు లేదు. అయినను గడచిన రెండున్నర యేండ్లుగా మా శరీరము మీద మేము చేయుచున్న లెక్క యొకటి ఉన్నది. అందు తప్పులు ఎక్కువ, కొట్టివేతలు ఎక్కువ. ఆ కొట్టివేతలతో సహా చెప్పినచో, ఇట్టి లెక్కనే మొదలుపెట్టదలచిన యిండ్లకు కొంత ఉపయోగపడవచ్చునని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

మా అన్నగారు మాకంటె ఆరేండ్లు పెద్ద. 2019లో వారి కుడికాలిని క్రొత్తచెప్పు కరచినది. మధుమేహము వలన పాదములలో స్పర్శ సన్నగిలి యుండుటచే పుండు పడిన సంగతి వారికి తెలియలేదు. మేజోడుకు తడి అంటిన పిమ్మట చూచుకొనిరి. ముందు బొటనవ్రేలు పోయినది. 2021లో మోకాలి దిగువన కాలు తీసివేసిరి. 2022 కార్తికమాసములో వారు గతించిరి. కర్మలు ముగిసిన నాడు మా వదినగారు మమ్ము ప్రక్కకు పిలిచి, “మీరైనా పరీక్ష చేయించుకోండి. ఈ ఇంట్లో ఇంకొకరి కాలికి నేను కట్టు కట్టలేను” అనిరి.

అట్లు చెప్పినను రెండు నెలలు తాత్సారము చేసితిమి. 2023 జనవరిలో, సంక్రాంతి అరిసెలు డబ్బాలో చెల్లిన పిమ్మట, రక్తము ఇచ్చితిమి. పరగడుపున చక్కెర 148. హెచ్‌బీఏ1సీ అను పరీక్షలో 7.4. ఈ రెండవ పరీక్ష చిత్రమైనది. రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రతుకును. బ్రతికినన్నాళ్ళు అది రక్తములోని చక్కెర నడుమనే తిరుగుచుండును గనుక, దానియందలి హిమోగ్లోబినుకు కొంత చక్కెర అంటుకొనును. ఎంత అంటినదో కొలిచినచో గత రెండు మూడు నెలల చరిత్ర బయటపడును. ముందటి రాత్రి ఉపవాసముండి వైద్యుని మోసపుచ్చు ఉపాయము దీని యెదుట పనిచేయదు. 5.7 లోపు ఉన్నచో భయము లేదు; 6.5 మొదలుకొని మధుమేహము. మా ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. మనదేశపు పురుషునకు నడుము 90, స్త్రీకి 80 దాటరాదని వైద్యుల మాట.

మేము ఒంటరివారము కామను సంగతి తరువాత తెలిసినది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలనియు, ఆ గడప దగ్గర నిలిచియున్నవారు అంతకన్నను ఎక్కువనియు ఆ లెక్క.

మాకు మొదట కలిగినది భయము కాదు, కోపము. ఇంత అన్నము మా తండ్రిగారును తినలేదా? కోనసీమలోని మా ఊర కంచములో కొండవలె పోసిన అన్నము వారు మూడుపూటల తినెడివారు. డెబ్బదియేట కూడ వారి నడుము చుట్టు కట్టిన పంచె జారుచుండెడిదే కాని బిగియలేదు. ఆ అన్నమే మాకు విషమైనదేల?

ఈ ప్రశ్నకు సమాధానము మా ఊరి చరిత్రలోనే కలదు. 1847లో ఆర్థరు కాటను ధవళేశ్వరము వద్ద ఆనకట్ట ప్రారంభించెను. 1852లో అది పూర్తియైనది. కాలువలు పారిన చోటనెల్ల వరి పండినది. కరవుభయము తీరినది. వరి అన్నము పండుగనాటి భోజనము నుండి నిత్యభోజనమైనది. కాని ఆ వరిని పండించుట ఎట్టి పని! దుక్కి, దమ్ము, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు. మా తండ్రిగారు తెల్లవారకముందే పొలమునకు రెండు మైళ్ళు నడచిపోయి, దినమంతయు మోకాలిలోతు బురదలో పనిచేసి, మరల రెండు మైళ్ళు నడచి వచ్చెడివారు. ఆ కొండంత అన్నము ఆ పనికి వేసిన ఇంధనము. మేము ఆ పనిని విడిచి పట్టణమునకు వచ్చితిమి. కొండను మాత్రము వెంట తెచ్చుకొంటిమి. పాఠశాలకు స్కూటరు, మేడకు లిఫ్టు, సరకులకు ఫోను. తండ్రిగారి కంచము, గుమాస్తా దేహము: మా లెక్క తప్పినది ఇక్కడనే.

మరియొక మార్పును కలదు. తండ్రిగారి చిన్ననాట ఇంట దంపిన బియ్యము తినెడివారు. దంపుడు బియ్యమునకు పైపొర, అనగా తవుడు, కొంత మిగిలియుండును. మర వచ్చి ఆ పొరను మొత్తముగ గీకివేసినది. బియ్యము మల్లెపూవువలె తెల్లనైనది. నిలువ కూడ బాగుగ ఉండసాగెను, ఏలనన తవుటిలోని నూనెయే త్వరగా ముక్కిపోవు పదార్థము. కాని బీ-1 అను విటమిను ఆ తవుటితోడనే పోయినది. జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు 1890ల నాటికే ఈ విచిత్రము చూచియుండెను: తెల్లబియ్యము మేపిన కోళ్ళు కాళ్ళు చచ్చుబడి కూలెడివి, తవుడు పెట్టగా లేచి తిరిగెడివి. ఇందులకే ఆయనకు 1929లో నోబెలు బహుమానము లభించినది. మన ఉత్తరసర్కారు జిల్లాలలో ఆ దినములలో బెరిబెరి వ్యాధి మెండుగా ఉండెడిది. ఉప్పుడు బియ్యము తినుచోట్ల అది అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించునపుడు విటమిను తవుటినుండి గింజలోనికి దిగును గనుక, తరువాత మర పట్టినను కొంత నిలుచును. 1918లో రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో ఒకే గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టెను. ఆ గదియే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. మన కంచములోని అన్నమునకును ఆ సంస్థ పుట్టుకకును ఇంత దగ్గరి చుట్టరికమున్నదని మాకు యాబదిమూడేండ్లు వచ్చువరకు తెలియదు.

అయితే చరిత్ర తెలిసినంతమాత్రమున నడుము తగ్గదు. లెక్కల పంతులునకు ఒక దుర్గుణము ఉండును. సమస్య కనబడిన వెంటనే అడ్డదారి సూత్రము వెదకును. వైద్యుడు రెండు మాత్రలు వ్రాసి, తిండి కొంచెము తగ్గించి నడువుడని చెప్పిరి. మేము అన్నము మొత్తముగ మానితిమి. ఉదయము మెంతుల నీళ్ళు, మధ్యాహ్నము ఉడికించిన ఉలవలు, రాత్రి మజ్జిగ. ఎదురింటివారు చెప్పిరని కాకరకాయ రసము. చాలదన్నట్లు, ముప్పదియేండ్లుగా పరుగెత్తి ఎరుగని కాళ్ళతో గోదావరి గట్టు మీద పరుగు. మా తల్లిగారు వయసు డెబ్బది తొమ్మిదేండ్లది. 1960ల నాటి తిండిగింజల కొరతను, రేషను వరుసలను చూచిన మనిషి. కంచములో అన్నము లేకుండ కొడుకు లేచిపోవుట ఆమెకు అశుభముగ తోచెడిది. “పెద్దవాడు అలా పోయాడు. నువ్వు తినక పోతావా?” అని కన్నీరు పెట్టుకొనెను. మేము వినలేదు.

పదునొకండవ దినమున, ఇంకను మసకచీకటి ఉండగనే, మాత్ర వేసికొని గట్టుమీదికి పోయితిమి. కోటిలింగాల రేవు దాటిన కొంతసేపటికి చేతులు వణకినవి. చలికాలపు గాలిలో చొక్కా అంతయు చెమటతో తడిసినది. ఎదుటి వంతెన దీపములు రెండేసిగా కనబడినవి. ఏ వైపు ఇల్లో తోచక మెట్ల మీద కూలబడితిమి. టీ కొట్టు పెట్టుకొనిన పెద్దమనిషి ఒకరు మమ్ము చూచి, ఏమియు అడుగకుండ రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసి టీ త్రాగించిరి. “మా బావమరిదికీ ఇలాగే అవుతుంది మాస్టారూ” అనిరి. పావుగంటకు లోకము మరల ఒకటైనది.

చక్కెర మించిపోవుటకన్న పడిపోవుట ఆ గడియకు ప్రమాదకరమని అప్పుడు తెలిసికొంటిమి. మధుమేహపు మాత్రలన్నియు ఒక తీరువి కావు. కొన్ని, మనము తిన్నను తినకున్నను, క్లోమగ్రంథిని పిండి ఇన్సులినును వెలికి తెచ్చును. కొన్ని అట్లు చేయవు. మేము వేసికొన్న రెండింటిలో ఒకటి మొదటి రకము. వైద్యుడు మమ్ము గద్దించలేదు, నవ్వి, “మాత్ర మింగి భోజనం మానేశారు. ఆ సంగతి మాత్రకు ఎలా తెలుస్తుందండీ?” అనిరి. ఈ మాటను శ్రోతలు గట్టిగా గుర్తుంచుకొనవలెనని మా ప్రార్థన. మందు వాడువారు తిండి మార్చుటకు ముందే వైద్యునికి చెప్పవలెను. తిండి తగ్గినచో మందును తగ్గవలసి యుండవచ్చును. జేబులో రెండు బెల్లపుముక్కలో చక్కెర బిళ్ళలో లేక మేము ఇప్పటికిని గట్టెక్కము.

ఆనాడు ఇంటికి వచ్చిన పిమ్మట మా తల్లిగారు వంటింటి పగ్గము చేతబట్టిరి. “వడ్డించేది నేను. ఎంత పెట్టాలో డాక్టరు చేత చెప్పించు. నువ్వు మాత్రం మానకు” అనిరి. అక్కడనుండియే అసలు లెక్క ప్రారంభమైనది.

ముందు కొలతలు చూచితిమి. మా ఇంట మేము, మా ఇల్లాలు, తల్లిగారు, చదువుకొను కుమార్తె, మొత్తము నలుగురము. 25 కిలోల బియ్యపు బస్తా 20 దినములకు చెల్లుచుండెను. అనగా మనిషికి దినమునకు 312 గ్రాములు. తల్లిగారును అమ్మాయియు తినునది తక్కువ గనుక మా వాటా 400 గ్రాములకు తగ్గదు. అందుండియే సుమారు 1,400 కేలరీలు వచ్చును. నూనె నెలకు 5 లీటర్లు. మనిషికి దినమునకు 38 గ్రాములు. ఉప్పు కిలోన్నర, మనిషికి దినమునకు 12 గ్రాములకు పైన, అదియు ఊరగాయలలోని ఉప్పు కలుపక! దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయతో సహా నలుగురికి నెలకు 600 గ్రాములు. ఈ అంకె చూచి మా ఇల్లాలు పెన్సిలు క్రింద పెట్టివేసెను.

2024లో జాతీయ పోషకాహార సంస్థవారు ప్రకటించిన ఆహార సూచనలలో 2,000 కేలరీల వారికి ఒక దినపు కంచము చూపబడినది. బియ్యము, గోధుమ, జొన్న మొదలగు ధాన్యములన్నియు కలిసి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు, గ్రుడ్లు, మాంసము, చేప కలిసి 85, వేరుసెనగ, నువ్వులు వంటి గింజలు 35, నూనె నెయ్యి 27, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. మా కంచమును దీని ప్రక్కన పెట్టి చూచినచో తప్పు ఎక్కడ ఉన్నదో పిల్లవాడును చెప్పగలడు. మేము కూరను తినుట లేదు. అన్నమునకు రుచికొఱకు పూయుచున్నాము.

ఈ మాట కొంచెము విప్పి చెప్పవలెను. తెలుగువారి భోజనము వరుస గలది. పప్పు నెయ్యి, కూర, పచ్చడి, పులుసు లేక చారు, పెరుగు. ప్రతి వరుసకును ఒక క్రొత్త ముద్ద అన్నము కావలెను. ఊరగాయకు ప్రత్యేకముగ మరి రెండు ముద్దలు. ఇంట వంటకములు ఎన్ని పెరిగినచో అన్నము అంత పెరుగును. విందుభోజనమున మనము ఎక్కువ తినునది కూరలు కావు. కూరల పేరు చెప్పి అన్నము. ఇది తెలియనంతకాలము తగ్గించుటకు మేము చేసిన ప్రయత్నమంతయు ఆకలితో కొట్లాటయే అయినది. తెలిసిన పిమ్మట మా తల్లిగారు ఒక చిన్న మార్పు చేసిరి. కూరను పెద్ద గిన్నెలోను, పప్పును మరియొక గిన్నెలోను ముందుగా పెట్టుదురు. అవి సగము తిన్న పిమ్మటనే అన్నము వడ్డింతురు. అదియు ఒక్కసారి, రెండు గరిటెలు. ఆ రెండింటినే పప్పునకు, చారునకు, పెరుగునకు మేము పంచుకొనవలెను. పీచుపదార్థము, మాంసకృత్తులు ముందు కడుపులో చేరినచో తరువాత వచ్చు పిండిపదార్థపు చక్కెర రక్తములోనికి మెల్లగా ఎక్కునని వైద్యులును చెప్పుదురు. మొదటి వారము వింతగా నుండినది. మూడవ వారమునకు అలవాటైనది. ఆకలి మాత్రము లేదు, అదియే మేలు.

నూనె తగ్గించుటకు క్రొత్త వంటలు నేర్వలేదు. పాతవి గుర్తు చేసికొంటిమి. వేపుళ్ళు మా తరములోనే నిత్యమైనవి. ఆవ పెట్టిన అరటికాయ కూర, పెసరపప్పు వేసి మగ్గించిన బీరకాయ, నువ్వులపొడి చల్లిన వంకాయ, మునగాకు పప్పు — వీనికి పోపునకు పట్టునంత నూనెయే చాలును. ఉదయము పొట్టుపెసలతో పెసరట్టు. ఉప్మా మాత్రము దాని నడుమనుండి తొలగిపోయినది. మేము తినువారమే గనుక వారమునకు రెండు నాళ్ళు చేపల పులుసు.

ఖర్చును దాచుట న్యాయము కాదు. నలుగురికి దినమునకు 1,600 గ్రాముల కూరగాయలు కావలెను. మేము అంతవరకు కొనుచుండినది ముప్పావు కిలో. బియ్యము, నూనె తగ్గిన ఆదా ఆ ఖర్చును పూర్తిగా పూడ్చలేదు. జీతపురాళ్ళు గల మాకే ఇట్లున్నచో, కూలివాని కంచములో కూర పెంచుమని సలహా ఇచ్చుట నోటికి సులభము. ఖర్చు కంటె పెద్దది శ్రమ. అన్ని కూరలు తరుగుటకు గంట పట్టును. మొదటి నెలలో ఆ గంటయంతయు మా ఇల్లాలి మీద పడినది. మేము ఆ సమయమున గట్టుమీద గాలి పీల్చుకొనుచు ఆరోగ్యము సంపాదించుచుంటిమి! ఒకనాడు ఆమె, “ఏమండీ, మీ నడక కోసం నేను ఇంకో గంట ముందు లేస్తున్నాను. నా మోకాళ్ళ సంగతి ఎవరు చూస్తారు?” అనెను. దీనికి లెక్కల పుస్తకములో జవాబు దొరకలేదు. ఆనాటినుండి సాయంకాలము రేడియో పెట్టుకొని, కత్తిపీట ముందు మేము కూర్చుందుము. సంగీత కార్యక్రమము ముగియునప్పటికి మరునాటి కూర సిద్ధమగును. ఆమె కూడ నడకకు వచ్చుట అటుపిమ్మటనే మొదలైనది. ఇంటిలో ఒకరి వ్యాయామము మరియొకరి చాకిరీపై నిలిచియున్నచో దానిని ఆరోగ్యమని పిలువ మాకు నోరు రాదు.

చిరుధాన్యముల ముచ్చట చెప్పకున్న శ్రోతలు ఒప్పుకొనరు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఇంటింట కొఱ్ఱలు, అండుకొఱ్ఱలు. మేమును కొంటిమి. జొన్నరొట్టె తట్టుట డెల్టావారికి చేతగాదు. మా మొదటి రొట్టె నాలుగు ముక్కలై పెనము మీద ద్వీపములవలె నిలిచినది. మెట్టప్రాంతములలో చోడి అంబలి, జొన్నకూడు తినువారిని మా డెల్టావారు ఒకప్పుడు చిన్నచూపు చూచిరి. ఇప్పుడు వానినే అధికధరకు కొనుచున్నాము. ఇది మాకు తగిన శిక్షయే. ఈ ధాన్యములలో పీచు ఎక్కువ, ఖనిజములును మంచివి. కాని మంత్రము కాదు. మెత్తగా పిండిచేసి జావ కాచినచో చోళ్ళును చక్కెరను వేగముగనే పెంచును. జొన్న ఒక్కటే తిని బ్రతికిన దక్కను బీదవారిలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి కనబడగా, హైదరాబాదు పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్యగారలు దానిని పరిశోధించి 1960లో ప్రకటించిరి. ఏ గింజయైనను ఒంటరిగా మనిషిని సాకలేదు. ప్రస్తుతము మా ఇంట వారమునకు మూడు రాత్రులు కొఱ్ఱన్నమో జొన్నరొట్టెయో. తక్కిన పూటలు తక్కువ పాలిషు పట్టిన బియ్యము. దానిని రెండు గంటలు ముందు నానబెట్టవలెను, నెలకు సరిపడ మాత్రమే కొనవలెను, గంజి వార్చరాదు.

ఇక నడక. మేము మొదట నడకను ఒక రబ్బరుగా తలచితిమి: ఎక్కువ తిన్న దానిని తుడిచివేయునది. ఈ లెక్క తప్పు. మా బరువుగల మనిషి అరగంట చురుకుగా నడచినచో ఖర్చగునది సుమారు 130 కేలరీలు. అది ఒక పెద్ద చెంచాడు నూనెకు సమానము. గట్టు దిగి పునుగుల బండి దగ్గర ఆగిన మిత్రులు మాకు కొందరు కలరు. వారి లెక్క వేయము.

నడక పని వేరు. కండరము కదలునప్పుడు ఇన్సులిను సాయము అంతగా లేకనే రక్తములోని చక్కెరను లోనికి లాగుకొనును. మధుమేహమున ఇన్సులిను తలుపుతట్టినను తలుపు తెరువబడదు. నడచునపుడు కండరము తనంత తాను వేరొక తలుపు తెరచును. అందుచేత తెల్లవారుజామున ఒక గంట నడచి దినమంతయు కుర్చీలో కూర్చుండుటకన్న, భోజనమైన తరువాత పది పదునైదు నిమిషములు నడచుట మా చక్కెరను ఎక్కువగ అదుపుచేసినది. ఇంట వ్రేలు పొడిచి చూచుకొను చిన్న యంత్రముతో మేమే దీనిని పరీక్షించుకొంటిమి. ఒకే భోజనము, ఒకనాడు పడక, మరునాడు వీథి చివరివరకు నడక: అంకెలు వేరుగ వచ్చినవి.

కూర్చుండుటయే ఒక రోగకారణమని మొదట గట్టిగా చూపినది లండను బస్సులు. 1953లో జెరెమీ మారిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సులలో పనిచేయు డ్రైవర్లను, కండక్టర్లను పోల్చిచూచెను. ఒకే బస్సు, ఒకే ఊరు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచుండును. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినను అంత తీవ్రము కాదు. అయితే మారిస్ నిజాయితీపరుడు, ఇంకను వెదకెను. 1956లో ఆయన బృందము బస్సు ఉద్యోగులకు కుట్టిన దుస్తుల కొలతలు చూడగా, డ్రైవర్ల నడుములు ఉద్యోగమున చేరునాటికే కొంత పెద్దవని తేలినది. అనగా తేడా అంతయు మెట్లదే కాకపోవచ్చును. పిమ్మట జరిగిన అనేక పరిశోధనలు మాత్రము మారిస్ మొదటి అనుమానమునే బలపరచినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వయోజనులకు చెప్పినది వారమునకు 150 నుండి 300 నిమిషముల ఒక మోస్తరు శ్రమ. దానితోపాటు కనీసము రెండు దినములు కండరములకు బలము చేకూర్చు పని.

ఈ రెండవ భాగమును మనము మరచుచున్నాము. వయసు మీరుకొలది కండ కరుగును. కండ కరగినచో చక్కెర దాచుకొను గిడ్డంగి చిన్నదగును. ఇది మనకు క్రొత్త విద్య కాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు విననివారు తెలుగునాట ఉన్నారా? ఆ కాలమున ఊరూర తాలింఖానాలు, దండీలు, బస్కీలు ఉండెడివి. మేము కుర్చీనుండి చేతి ఆసరా లేక పదిమార్లు లేచుటతో మొదలుపెట్టితిమి. ఆరవ మారునకే ఆయాసము. గోడకు చేతులాన్చి వంగుట, నీటిబిందెలు రెండు చేతులతో మోయుట తరువాత వచ్చినవి. ఇప్పుడు పదునైదు బస్కీలు తీయగలము. మా తల్లిగారు కూడ మంచము అంచున కూర్చుండి లేచుట సాధన చేయుచున్నారు. ముసలితనమున పడిపోకుండ ఉండుటకు ఇంతకు మించిన ఉపాయము లేదని వారి వైద్యుడు చెప్పినారట. పరుగు మాత్రము మేము మానితిమి, మోకాలు తిరగబడినది.

వరుసగా బాగుపడితిమని చెప్పిన అసత్యమగును. 2023 చివరకు హెచ్‌బీఏ1సీ 6.5కు దిగినది. 2024 సంక్రాంతికి ఆత్రేయపురము నుండి పూతరేకులు వచ్చినవి, తాపేశ్వరము కాజాలు వచ్చినవి, మాఘమాసములో నాలుగు పెండ్లిండ్లు వచ్చినవి. ఏప్రిలులో 6.9. పెండ్లిపంక్తిలో వద్దనుట ఎంత కష్టమో ఎల్లరకు తెలియును. వడ్డించువాని ప్రేమయు, ప్రక్కన కూర్చుండిన బంధువు జాలియు కలిసి మనిషిని ఓడించును. ఇప్పుడు మేము తీపిని నిషేధింపలేదు. పంక్తిలో ఒక తీపి తిందుము, దానికి బదులు ఆ పూట అన్నము ఒక్క గరిటెయే. లెక్క సరిపోవును, మాటయు దక్కును.

2025 జూనులో బరువు 76 కిలోలు, నడుము 93, హెచ్‌బీఏ1సీ 6.3. ఆనాడు మమ్ము గట్టున పడవేసిన మాత్రను వైద్యుడు మాన్పించిరి, రెండవది సాగుచున్నది. నడుము ఇంకను మూడు సెంటీమీటర్లు తగ్గవలసి యున్నది. మధుమేహము పోయినదని మేము అనము. అది ఇంట ఉన్నది, కాని గదిలో కూర్చున్నది. బస్తా బియ్యము ఇప్పుడు ముప్పదినాలుగు దినములు వచ్చుచున్నది.

ఈ వేసవిలో మా వదినగారు కోనసీమనుండి వచ్చి పదిదినములుండిరి. మొదటిరాత్రి భోజనమైన పిమ్మట కళ్ళజోడు పెట్టుకొని, “ఏదీ, పాదాలు చూపించండి” అనిరి. మేము ప్రతిరాత్రి చిన్న అద్దముతో అరికాళ్ళు చూచుకొనుచున్నామని చెప్పినను వారు వినలేదు. దీపము దగ్గరకు జరిపి, వ్రేళ్ళ సందులతో సహా చూచి, ఏమియు అనక కళ్ళజోడు తీసిరి. వారు మరలిపోవునాడు మా ఇల్లాలు ఈ యేటి ఆవకాయలో సగము సీసాకెత్తి ఇచ్చెను. ఏటేట మూడు జాడీలు పెట్టెడివారము, ఈ యేడు ఒకటియే పెట్టితిమి. వదినగారు సీసాను ఎత్తి చూచి, “బాగుందమ్మా! మీ ఉప్పు తగ్గించుకోడానికి నాకు తినిపిస్తారా?” అని నవ్విరి. నవ్వుచునే సంచిలో పెట్టుకొనిరి.